సేవ్ కొట్టేశాక

గంటస్తంభం పక్క సందులో మెట్లెక్కితే
మొదటి అంతస్తులో మా స్టూడియో.
కింద బజ్జీల బండి.
ఏ కాలమైనా నా వేళ్లకీ మౌసుకీ
శనగపిండి వాసన.

పద్దెనిమిదేళ్లుగా చేసేది ఒకటే పని:
మనుషుల్ని లోపలికి తొయ్యడం.

అడిగేవాళ్లు అడుగుతారు.
అడగలేనివాళ్లు కుర్చీ అంచున కూర్చుని
స్క్రీను మీద తమ గడ్డం కేసి చూస్తారు.
నాకు చాలు ఆ చూపు.
గుండ్రటి బ్రష్షు పెద్దది చేసి
దవడ దగ్గర ఆనించి
తడిముగ్గు గీతని వేలితో జరిపినట్టు
జరుపుతాను.
మూడు తోపులకి బుగ్గ దిగుతుంది,
ఐదింటికి నడుం.
వెనకాల తలుపు చట్రం వంకరపోతే
అదీ నేనే నిలబెడతాను,
అబద్ధం ముందు గోడల్లోనే బయటపడుతుంది.

బొబ్బిలి పంతులుగారికి పొట్ట తీశాను.
కోట దగ్గర నగలకొట్టు ఆసామికి రెండో గడ్డం.
చీపురుపల్లి బేంకు మేనేజరమ్మ
"కొంచెమే బాబూ,
మా ఆయన పోల్చుకునేలా ఉంచు" అంది.
తీసిందంతా ఎక్కడికి పోతుందని
ఒక్కరూ అడగలేదు.
నాకూ తట్టలేదు.

మొన్న వేసవిలో రౌతు గౌరీశ్వరి వచ్చింది.
కొండవెలగాడ పిల్ల. డెబ్భై ఆరు కేజీల విభాగం.
మెడలో పతకం,
అరచేతి గీతల్లో ఇంకా తెల్లపొడి.
ఊళ్లో ఫ్లెక్సీ కడతారట, ఫొటో కావాలి.
ఒకటే తీశాను. సాయంత్రం రమ్మన్నాను.
తనేమీ అడగలేదు,
కళ్లతోనైనా అడగలేదు.
చెయ్యి దానంతటదే పోయింది.
భుజాలు దించాను. మెడ సన్నం చేశాను.
జబ్బ మీద ఉబ్బిన నరాన్ని చెరిపి
నున్నగా పూశాను.
పతకం రిబ్బను వంగితే సరిచేశాను.
సేవ్ కొట్టేశాను, అసలుదాని మీదే.
కెమెరా కార్డు ఖాళీ చేసి
కుర్రాడికిచ్చి బారసాలకి పంపాను.

సాయంత్రం స్క్రీను ముందు నించుని
చాలాసేపు చూసింది.
"అన్నా, నా బుజాలేవి?" అంది,
గుడి బయట చెప్పులు కనపడనివాళ్లు
అడిగినట్టు.

"బాగుంటాదని తగ్గించేనమ్మా."

"ఏటి తగ్గించీసినావు?
ఎనిమిదేళ్లన్నా అవి.
తెల్లారగట్ల చోడంబలి తాగి పరిగెట్టీదాన్ని.
రాడ్డు లేనప్పుడు మా మాస్టారు
బండి ఇరుసుకి ఇసక బస్తాలు కట్టి ఎత్తించీవోరు.
జూట్ మిల్లు మూసీసిన ఏడాది
మా అయ్య తను గంజి తాగి
గుడ్లు నాకెట్టీవోడు.
ఆ గుడ్లు కూడా తీసీసినావేటి?"

నవ్వుతూనే అంది.
కోప్పడితే బాగుండేది.

వెనక్కి వెళ్లే మీట ఎన్నిసార్లు నొక్కినా
ఫైలు తెరిచిన క్షణం దగ్గరే ఆగిపోయింది.
నేను తోసేసిన కండ
ఆ యంత్రంలో ఏ మూలా లేదు.

"మల్లీ తియ్యి, ఇంకేటుంది" అని
తనే వెళ్లి నీలం తెర ముందు నించుంది.
స్టూలు కాలితో పక్కకి జరిపింది.
పొద్దున్న తనని వాలుగా తిప్పి నిలబెట్టానని
అప్పుడు గుర్తొచ్చింది.
లావు కనపడకుండా అందర్నీ అలాగే తిప్పుతాను,
పదో తరగతి పిల్లల్ని కూడా.

ఈసారి ఎదురుగా నిలబడింది,
బరువు నెత్తిమీద ఆపి
దించమనే గంట కోసం చూసేటట్టు.
ఫ్రేములో పట్టలేదు.
ఒకడుగు వెనక్కి వేశాను.
ఇంకోటి.
వీపుకి తలుపు తగిలితే తలుపు తీసి
మెట్ల మీదకి దిగి తీశాను.
కింద నుంచి బజ్జీల సింహాద్రి
"ఏటయిందిరా, ఇల్లేటైనా పడిపోతందా?" అని కేకేశాడు.

ముట్టుకోకుండా పంపాను.
మొటిమ కూడా ఉంచాను.

వారం తర్వాత ఫోను చేసింది.
ఫ్లెక్సీ షాపువాడు రెండు కర్రల మధ్య చాల్లేదని
ఫొటోని అడ్డంగా సాగదీశాడట.
వీధి ఇటు చివర ఒక భుజం,
అటు చివర ఒకటి.
మా ముసిల్దాయి కింద నించుని
దిష్టి తీస్తందన్నా అని
ఆగకుండా నవ్వింది.